పళ్ళెం నిండా తింటోంది, అయినా రక్తం తక్కువట: పిల్లల తిండి బాగుందో లేదో ఎలా చూడాలి?

కృష్ణలంక_అమ్మ
అందరికీ నమస్కారం. మాది విజయవాడ. పాప తొమ్మిదో తరగతి, 14 ఏళ్ళు. బాబుకి ఏడేళ్ళు. మొన్న స్కూల్లో హెల్త్ క్యాంప్ పెట్టి రక్తపరీక్ష చేశారు. పాపకి హిమోగ్లోబిన్ 10.2 వచ్చింది. ఇంట్లో ఎవరూ నమ్మలేదు. తిండి దగ్గర పాప ఎప్పుడూ పేచీ పెట్టదు. పెట్టింది తింటుంది, మారు అన్నం కూడా అడుగుతుంది. బాబు దానికి పూర్తిగా వేరు. ముద్ద ముద్దకీ బతిమాలాలి, సన్నగా ఉంటాడు. ఇన్నాళ్ళూ నా టెన్షన్ అంతా వాడి గురించే. వాడికేమో 12.1 వచ్చింది!

శనివారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. మందుల సంగతి ఆయన చూస్తారు. నేను ఇక్కడ అడిగేది వేరే. పిల్లలు బాగా తింటున్నారా లేదా అన్నది దేన్ని బట్టి చెప్పాలి? ఎంత తిన్నారన్నది చూడాలా, బరువు చూడాలా, ఇంకేమైనా లెక్క ఉందా? ఇంట్లో మనంతట మనం చూసుకునే పద్ధతి ఉంటే చెప్పండి.

హనుమకొండ_డైటీషియన్
అమ్మా, ముందు ఆ అంకెల సంగతి. 12 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత. 5 నుంచి 11 ఏళ్ళ వాళ్ళకి ఆ గీత 11.5. కాబట్టి బాబుది ఫరవాలేదు, పాపకి చికిత్స కావాలి.

ఇక అసలు ప్రశ్న. "ఎంత తింది" కన్నా "ఎన్ని రకాలు తింది" అన్నది ముందు చూడండి. ఇంట్లో వాడుకోవడానికి తేలికైన లెక్క ఒకటి ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళ కోసం తయారుచేసింది. పాపకి 14 కాబట్టి ఇంటి అవసరానికి సరిపోతుంది. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా తిన్నవన్నీ రాసి, వాటిని పది గుంపుల్లో వేయండి: బియ్యం, గోధుమ, రాగి లాంటి ధాన్యాలూ బంగాళాదుంప, కంద లాంటి దుంపలూ కలిపి ఒకటే గుంపు. పప్పులు ఒకటి. పల్లీలు, నువ్వులు, జీడిపప్పు ఒకటి. పాలు పెరుగు ఒకటి. మాంసం, చేపలు, కోడి ఒకటి. గుడ్లు ఒకటి. ముదురు ఆకుపచ్చ ఆకుకూరలు ఒకటి. క్యారెట్, గుమ్మడి, మామిడిపండు, బొప్పాయి లాంటి నారింజరంగువి ఒకటి. మిగతా కూరగాయలు ఒకటి, మిగతా పళ్ళు ఒకటి.

పదిలో కనీసం అయిదు రావాలి. నూనె, నెయ్యి, చక్కెర, టీ లెక్కలోకి రావు. పచ్చడి చెంచాడు, పోపులో కరివేపాకు రెబ్బ, చారు మీద కొత్తిమీర కూడా రావు. కనీసం 15 గ్రాములు తింటేనే ఆ గుంపుకి మార్కు. నిన్న పాప ఏం తిందో యథాతథంగా ఇక్కడ రాయండి, మెరుగులు దిద్దకుండా.

కృష్ణలంక_అమ్మ
రాస్తున్నాను. పొద్దున మూడు ఇడ్లీ, పల్లీ చట్నీ, టీ. లంచ్ బాక్సులో అన్నం, బంగాళాదుంప వేపుడు, పెరుగన్నం. సాయంత్రం ట్యూషన్‌కి వెళ్తూ చిప్స్ ప్యాకెట్, ఇంటికొచ్చాక చాక్లెట్ పొడి కలిపిన పాలు. రాత్రి అన్నం, టమాటా చారు, అప్పడం, ఆవకాయ, మజ్జిగ. చట్నీ గిన్నె ఖాళీ చేసింది కాబట్టి పల్లీలు లెక్కలోకి వస్తాయనుకుంటున్నా.

హనుమకొండ_డైటీషియన్
వస్తాయి. ఇడ్లీలో మినప్పప్పు కాబట్టి పప్పుల గుంపు కూడా వస్తుంది. పాలు, పెరుగు ఒకటి. అన్నం, బంగాళాదుంప, చిప్స్, ఇవన్నీ కలిపినా ఒక్కటే గుంపు. మొత్తం నాలుగు. ఆకుకూర లేదు, కూరగాయ లేదు, పండు లేదు, గుడ్డు లేదు, మాంసం లేదు.

ఇప్పుడు మీ ప్రశ్నకి జవాబు దొరికినట్టే. పాప కడుపు నిండుతోంది. కానీ వంద గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. 13 నుంచి 15 ఏళ్ళ ఆడపిల్లకి రోజుకి 30 మిల్లీగ్రాముల ఇనుము కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క కట్టింది. అదే వయసు మగపిల్లాడికి 22 చాలు. మారు అన్నం ఎన్నిసార్లు వడ్డించినా ఆ 30 ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక హెచ్చరిక. ఒక్క రోజు లెక్క చూసి పిల్లకి ముద్ర వేయకూడదు. ఈ పద్ధతి నిజానికి ఊరు మొత్తం, జిల్లా మొత్తం ఎలా తింటోందో చూడటానికి పెట్టింది. ఒక పిల్ల గురించి తెలియాలంటే వరసగా కాకుండా మూడు రోజులు రాయండి, అందులో ఒకటి ఆదివారం ఉండాలి. ఆదివారం మన ఇళ్ళలో తిండే వేరు.

తెనాలి_బామ్మ
అమ్మాయ్, ఈ మార్కులూ గుంపులూ నాకు తెలియవు. నలుగురు పిల్లల్ని, ఆరుగురు మనవల్ని పెంచాను. పిల్ల సాయంత్రం ఆడుకుంటోందా, ఆకలని తనే అడుగుతోందా, రాత్రి ఒళ్ళెరగక నిద్రపోతోందా, పొద్దున సాఫీగా దొడ్డికి వెళ్తోందా, ఈ నాలుగూ చూస్తే చాలు. అప్పట్లో పెరట్లో తోటకూర, బచ్చలి తీగ, మునగచెట్టు ఉండేవి. రోజూ ఏదో ఒక ఆకు పప్పులో పడేది. ఇప్పుడు ఆకుకూర కోసి, కడిగి, తరగడానికి ఎవరికీ తీరిక లేదు, అందుకే బంగాళాదుంప వేపుడు. వేపుడు మానేసి వారానికి నాలుగు రోజులు ఆకుకూర పప్పు పెట్టు. చుక్కకూర పుల్లగా ఉంటుంది, పిల్లలు తింటారు.

కర్నూలు_ల్యాబ్
బామ్మగారూ, మీరు చెప్పిన నాలుగూ మంచి గుర్తులే, ఆకుకూర పప్పు మాట అక్షరాలా నిజం. కానీ రక్తం మెల్లగా తగ్గితే పిల్లలు దానికి అలవాటుపడిపోతారు. ఆడతారు, నవ్వుతారు, పైకి ఏమీ కనబడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 60.1 శాతం, తెలంగాణలో 64.7 శాతం. వీళ్ళలో ఎక్కువమందికి ఇంట్లో "బాగానే తింటోంది" అన్న పేరే ఉండి ఉంటుంది.

కృష్ణలంక అమ్మగారికి ఒక మాట. క్యాంపులో వేలి చివర గుచ్చి చేసి ఉంటే శనివారం నరం నుంచి రక్తం తీయించి మళ్ళీ చేయించండి. వేలు పిండితే రక్తంలో ద్రవం కలిసి అంకె అటూఇటూ అవుతుంది. 2016-18లో పిల్లల మీద జరిగిన దేశవ్యాప్త పోషకాహార సర్వేలో నరం నుంచి తీసిన రక్తంతో చూశారు. అందులో కౌమార వయసు ఆడపిల్లల్లో 40 శాతం, మగపిల్లల్లో 18 శాతం రక్తహీనత తేలింది. అదీ చిన్న అంకె కాదు. కానీ రెండు సర్వేలకీ తేడా రావడానికి పరీక్ష చేసిన తీరు కూడా ఒక కారణం. చికిత్స మొదలుపెట్టే ముందు గట్టి అంకె చేతిలో ఉండటం మంచిది.

టెక్కలి_మాస్టారు
నేను శ్రీకాకుళం జిల్లాలో ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. మధ్యాహ్న భోజనం పర్యవేక్షణ నాదే. బడి భోజనానికి కేంద్రం పెట్టిన లెక్క ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లకి ఒక పూటకి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఆరు నుంచి ఎనిమిది వాళ్ళకి 700 కేలరీలు, 20 గ్రాములు. కూరగాయలు 50 గ్రాములు, 75 గ్రాములు. కాగితం మీద ఇది సరిపోతుంది. మన రాష్ట్రంలో గుడ్డు, చిక్కీ, రాగిజావ అదనంగా ఉన్నాయి.

కానీ వండింది చూస్తే పిల్లల తిండి తెలియదు. పళ్ళేలు కడిగే చోట నిలబడితే తెలుస్తుంది. సాంబారులో ములక్కాడ, సొరకాయ ముక్కలు అంచున పేర్చి ఉంటాయి. గుడ్డులో పచ్చసొన వదిలేసేవాళ్ళు ఉన్నారు. అన్నం, పులుసు పల్చన మాత్రం పూర్తిగా లోపలికి వెళ్తాయి. అంటే 75 గ్రాముల కూరగాయలు వడ్డించాం, పిల్ల తిన్నది ఎంత? ఏం పెట్టామన్నదానికీ ఏం తిన్నారన్నదానికీ ఉన్న ఈ దూరాన్ని ఇంట్లో కూడా చూడాలి. లంచ్ బాక్సు తిరిగొచ్చాక మూత తీసి చూసేది ఎంతమంది?

ఇంకో విషయం చాలా బాధపెడుతుంది. బడికి పోషకాలు కలిపిన బియ్యం వచ్చినప్పుడు అందులో ఆ ప్రత్యేకమైన గింజలు వందకి ఒకటి చొప్పున ఉంటాయి. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలా ఒత్తినవి. రంగు కొంచెం తేడాగా ఉంటుంది, నీళ్ళలో కొన్ని తేలతాయి. వాటిని "ప్లాస్టిక్ బియ్యం" అని ఏరి పారేసే తల్లులు ఉన్నారు, ఏరేసి తినమని పిల్లలకి చెప్పి పంపేవాళ్ళూ ఉన్నారు. రక్తం కోసం కలిపినదాన్నే బయట పారేస్తున్నారు. దయచేసి మీ చుట్టుపక్కల చెప్పండి.

వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర కూడా అంతే. ఖాళీ కడుపుతో మింగితే తిప్పుతుంది, దాంతో కిటికీలోంచి విసిరేస్తారు. మేం భోజనం అయ్యాక మా ముందే వేయిస్తున్నాం. నులిపురుగుల మాత్ర రోజున బడి మానేయనివ్వకండి. పురుగులుంటే ఎంత మంచి తిండి పెట్టినా రక్తం నిలవదు.

నెల్లూరు_నాన్న
మాస్టారూ, మీరు పళ్ళెం చూడగలుగుతున్నారు. మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది, రెసిడెన్షియల్ కాలేజీ, పేరు వద్దులెండి. రాత్రి ఫోన్లో "తిన్నావా?" అంటే "తిన్నా" అంటాడు. అంతటితో మా మాట అయిపోతుంది. సెలవులకి వచ్చినప్పుడు చూస్తే బాగా లావయ్యాడు, మెట్లెక్కితే ఆయాసం. మెస్సులో పొద్దున పులిహోర లేదా ఉప్మా, మధ్యాహ్నం అన్నం సాంబారు, రాత్రి అన్నం ఇంకో కూర. స్టడీ అవర్ అయ్యాక గేటు బయట బండి మీద ఎగ్ ఫ్రైడ్ రైస్ తెప్పించుకుంటారట. ఆట మైదానం లేదు. పండు అనేది నెలకోసారి మేం తీసుకెళ్తేనే. వాడి తిండి ఎలా ఉందో ఇంత దూరం నుంచి ఎలా అంచనా వేయాలి?

ఇంటర్_బైపీసీ
అంకుల్, నేను కూడా హాస్టల్లో చదువుతున్నా. మా వైపు నుంచి చెప్తాను. "తిన్నావా" అంటే "తిన్నా" తప్ప వేరే జవాబు ఉండదు. "ఇవాళ కూర ఏంటి, బాగుందా?" అంటే చెప్తాం. బయట తిన్నామని చెప్పగానే పావుగంట క్లాస్ పీకితే రెండోసారి చెప్పం. తిట్టరని నమ్మకం ఉంటే నిజం చెప్తాం.

ఇంకొకటి, ఆంటీవాళ్ళు ఎవరైనా వినండి. మా స్కూల్ రోజుల నుంచీ అమ్మాయిలు చాలామంది పొద్దున ఏమీ తినరు. బస్సు ఆరున్నరకి, తినేంత టైం ఉండదు. నీళ్ళు కూడా తాగరు, ఎందుకంటే బాత్రూమ్‌లు బాగుండవు. మధ్యాహ్నం తలనొప్పి అంటారు. దీన్ని ఎవరూ తిండి లెక్కలో రాయరు. పెళ్ళిళ్ళకి వెళ్తే బంధువులు "ఏంటమ్మా ఇంత లావయ్యావు" అంటారు, ఆ తర్వాత నా ఫ్రెండ్ ఒకమ్మాయి రాత్రి భోజనం మానేసి, ఇంట్లో మాత్రం ఫ్రెండ్స్‌తో తిన్నానని చెప్పేది. పిల్లల తిండి చూడటం మంచిదే. కానీ బరువు అంకె పట్టుకుని అందరి ముందూ మాట్లాడొద్దు.

హనుమకొండ_డైటీషియన్
ఈ అబ్బాయి రాసింది తల్లిదండ్రులందరూ చదవాలి. సర్వేలకి వెళ్ళేవాళ్ళకి శిక్షణలో మొదట నేర్పేది ఇదే: జవాబు విని ముఖం చిట్లించకూడదు, "అవునా, మంచిది" అని మెచ్చుకోకూడదు కూడా. మెచ్చుకుంటే పిల్లలు మనకి నచ్చే జవాబులే చెప్తారు. ముందు రోజంతా ఏం తిన్నారో గబగబా చెప్పనివ్వాలి. తర్వాత మళ్ళీ మొదటి నుంచి వచ్చి "బడికీ ట్యూషన్‌కీ మధ్య ఏమైనా?" "టీవీ చూస్తూ ఏమైనా?" అని ఖాళీలు నింపాలి. ఆ తర్వాతే ఎంత అని అడగాలి. ఆ "ఎంత" కోసం జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు కొలతల గిన్నెలు వెంట తీసుకెళ్తారు. మన ఇంట్లో రోజూ వాడే గరిట, గ్లాసు, కూర గిన్నె చాలు. ఒకసారి ఆ గరిటలో ఎన్ని గ్రాముల పప్పు పడుతుందో తూకం వేసి పెట్టుకుంటే ఇక ఎప్పుడూ తూచక్కర్లేదు.

ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు నిన్న తిన్నది సరిగ్గా చెప్పలేరు, పెద్దవాళ్ళే చెప్పాలి. 8 నుంచి 12 దాకా పిల్లనీ తల్లినీ కలిపి కూర్చోబెట్టి అడిగితే మంచిది. ఆ పైన వయసువాళ్ళని విడిగా అడగండి. తల్లి ఎదురుగా ఉంటే పానీపూరి బయటికి రాదు.

నెల్లూరు నాన్నగారూ, మెస్ మెనూ మీరు చెప్పింది నిజమైతే మీ అబ్బాయికి కేలరీలు ఎక్కువ, పోషకాలు తక్కువ. 2024లో వచ్చిన మన దేశ ఆహార మార్గదర్శకాల్లో 2000 కేలరీల పళ్ళెం ఇలా ఉంటుంది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400, పళ్ళు 100, పల్లీలు, నువ్వుల లాంటి గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. గ్రాములన్నీ వండకముందు తూకం. ధాన్యాల కంటే కూరగాయలు ఎక్కువ! మన పళ్ళెంలో ఇది తిరగబడి ఉంటుంది. కేలరీల్లో 45 శాతం మించి ధాన్యాల నుంచి రాకూడదంటే, మనవాళ్ళకి 50 నుంచి 70 శాతం అక్కడి నుంచే వస్తోందని ఆ మార్గదర్శకాలే చెప్తున్నాయి. హాస్టల్ మెస్సులో ఇంకా ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే చవగ్గా కడుపు నింపేది అన్నమే.

మీరు చేయగలిగింది ఒకటుంది. నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్ళి వారం మెనూ కాగితం అడిగి తీసుకోండి. అందులో ఆకుకూర ఎన్నిసార్లు, పండు ఎన్నిసార్లు, గుడ్డు ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టి ఆ లెక్కతోనే మాట్లాడండి. "తిండి బాగోలేదు" అంటే ఎవరూ పట్టించుకోరు. "ఈ వారం మొత్తం మీద ఒక్క పండు లేదు" అంటే జవాబు చెప్పాల్సి వస్తుంది. ఈలోగా వేయించిన పల్లీలు, శనగలు డబ్బాలో ఇచ్చి పంపండి.

బరువు ఒక్కటే చూస్తే మోసపోతాం. ఎత్తు, బరువు రెండూ కొలిచి వయసుకి తగ్గ ఎదుగుదల చార్టులో పెట్టాలి. 5 నుంచి 18 ఏళ్ళ మన పిల్లల కోసం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో విడుదల చేసిన చార్టులు పిల్లల డాక్టర్లందరి దగ్గరా ఉంటాయి. ఆరు నెలలకోసారి చుక్క పెట్టించి, ఆ చుక్కల గీత ఎటు పోతోందో చూడాలి. కృష్ణలంక అమ్మగారి బాబు సన్నగా ఉన్నా తన గీత వెంబడే పెరుగుతుంటే, గుంపుల లెక్కలో అయిదారు వస్తుంటే, వాడి వెంట గిన్నె పట్టుకుని తిరగాల్సిన పని లేదు.

మహబూబాబాద్_అంగన్‌వాడీ
పెద్ద పిల్లల గురించి నడుస్తోంది, చిన్నోళ్ళ మాట కూడా ఒకటి చెప్తాను. ఆరు నెలల నుంచి రెండేళ్ళలోపు పిల్లలకి ఎనిమిది గుంపులు, అందులో తల్లిపాలు ఒక గుంపు. అయిదు రావాలి. మా సెంటర్‌కి వచ్చే తల్లుల్ని అడిగితే పాలు, అన్నం, పప్పుకట్టు, ఇంతే వస్తుంది. పప్పుకట్టు అంటే పైన తేరిన నీళ్ళు, పప్పు అడుగునే ఉండిపోతుంది. పప్పు మెత్తగా మెదిపి పెట్టండి, కోడిగుడ్డు పెట్టండి అంటే "అరగదు" అంటారు. ఈ చిన్నపిల్లల కోసం ఇంటికి ఇచ్చే బాలామృతం పిండిని పెద్ద పిల్లలు, ఇంట్లోవాళ్ళు కూడా పంచుకుంటారు. దేశం మొత్తం మీద ఈ వయసు పిల్లల్లో సరిపడా తిండి అందేది 11.3 శాతానికే అని ఆ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది. 14 ఏళ్ళకి కనబడే రక్తం తక్కువ ఇక్కడే మొదలవుతుంది. అయిదేళ్ళలోపు పిల్ల తిండి మీద అనుమానం ఉంటే అంగన్‌వాడీకి తీసుకురండి, జబ్బ చుట్టుకొలత టేపుతో చూస్తాం. 12.5 సెంటీమీటర్ల కంటే తగ్గితే జాగ్రత్తపడాలి, 11.5 కంటే తగ్గితే వెంటనే ఆసుపత్రికి.

షార్లెట్_తెలుగమ్మ
మేం అమెరికాలో ఉంటాం. ఇక్కడ తిండి బాగోగులకి నూటికి ఇన్ని మార్కులని వేసే సూచిక ఒకటి ఉంది, అమెరికా పిల్లల సగటు 50 పైచిలుకు దగ్గరే ఉంటోంది. దాన్ని మన ఇంటి పప్పు, చారు, పెరుగన్నానికి పెట్టడం కష్టంగా అనిపించింది, ఈ పది గుంపుల లెక్క చాలా నయం. నేను చెప్పాలనుకున్నది పాల గురించి. మా చిన్నది అన్నం తినదని పాలతోనే నెట్టుకొచ్చాం. రోజుకి లీటరు దాకా తాగేది. రక్తం తక్కువని తేలాక డాక్టర్ మొదట అడిగింది పాలెన్ని అని. పాలల్లో ఇనుము దాదాపు లేదు, పాలతో కడుపు నిండితే ఇంకేదీ తినరు. అయిదేళ్ళలోపు పిల్లకి రోజుకి అర లీటరు, మహా అయితే 700 మిల్లీలీటర్లు చాలన్నారు. "అన్నం తినకపోయినా పాలు తాగుతుంది లెండి" అని ధైర్యపడే తల్లులు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

తిరుపతి_శాకాహారి
మా ఇంట్లో గుడ్డు, మాంసం లేవు. పది గుంపుల్లో రెండు మాకు ఎప్పుడూ సున్నాయే. అయినా అయిదు తెచ్చుకోవచ్చా?

హనుమకొండ_డైటీషియన్
తప్పకుండా. మీకు ఇంకా ఎనిమిది గుంపులు ఉన్నాయి. అన్నంతో పాటు ఆకుకూర పప్పు, పెరుగు, పల్లీలు, ఒక కూర, ఒక పండు వేసుకుంటే ఏడు వస్తాయి. అయితే శాకాహారంలోని ఇనుము ఒంటికి తక్కువగా పడుతుంది. దాన్ని పట్టించేది విటమిన్ సి. పప్పులో నిమ్మరసం పిండండి. భోజనంతో పాటు జామకాయ పెట్టండి, మన పళ్ళలో విటమిన్ సి బాగా ఎక్కువున్న పండు, ధర కూడా తక్కువ. ఉసిరికాయ దొరికే రోజుల్లో ఉసిరి. శనగలు, పెసలు నానబెట్టి మొలకెత్తిస్తే ఇనుముకి అడ్డుపడే పదార్థాలు తగ్గుతాయి. టీ, కాఫీ భోజనానికి గంట ముందూ గంట తర్వాతా వద్దు. కృష్ణలంక అమ్మగారూ, పాప ఇడ్లీతో పాటు తాగే టీ ఈ వారమే ఆపేయండి. అసలు ఆ వయసుకి టీ అవసరం లేదు. శాకాహార ఇళ్ళలో బి12 కూడా ఒకసారి పరీక్ష చేయించాలి.

గుంటూరు_కిరాణా
కిరాణా కొట్టు నడుపుతాను. పిల్లల తిండిలో సగం సంగతి నా కౌంటర్ దగ్గర తెలుస్తుంది. స్కూల్ వదిలాక పది రూపాయల నోటు పట్టుకొచ్చి చిప్స్, రంగునీళ్ళ సీసా కొంటారు. ఆ పది రూపాయల ప్యాకెట్ ఏ తల్లి రాసే లిస్టులోనూ ఉండదు. పెద్దవాళ్ళు కూడా "బలానికి" అని చాక్లెట్ పొడి డబ్బాలు అడుగుతారు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో వంద గ్రాములకి చక్కెర ఎంతో రాసి ఉంటుంది, చదవమని నేనే తిప్పి చూపిస్తాను. అయిదు గ్రాములంటే ఒక చెంచా అని లెక్కేసుకుంటే చాలు. ఇలాంటి వాటిని ఆన్‌లైన్లో "హెల్త్ డ్రింక్" విభాగంలో అమ్మకూడదని 2024లో కేంద్రం చెప్పింది కూడా. అలాగే విరేచనాలైన పిల్లలకి ఓఆర్ఎస్ అనుకుని తీపి పానీయాలు కొనుక్కెళ్ళేవాళ్ళు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఆ పేరు అలాంటి సీసాల మీద వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. ఒక్క డాక్టరమ్మ పట్టుదలకి చేతులెత్తి దండం పెట్టాలి. స్కూల్ గేటుకి 50 మీటర్ల లోపు ఇలాంటి సరుకు అమ్మకూడదని నిబంధన ఉంది. నా కొట్టు అంతకంటే దూరమే, అయినా ముందు వరసలో పల్లీ చిక్కీ, నువ్వుండలు, అరటిపళ్ళు పెట్టాను. కంటికి ఎదురుగా ఉన్నదే పిల్లలు కొంటారు.

కృష్ణలంక_అమ్మ
అందరికీ ధన్యవాదాలు. డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చాం. నరం నుంచి తీసిన రక్తంలో 10.6 వచ్చింది. ఆయన మొదట అడిగింది నెలసరి గురించి. పాపకి ఎక్కువ రోజులు ఉంటుంది, నాతో కూడా సరిగ్గా చెప్పలేదు. తిండి ఒక్కటే కారణం కాదని, రెండూ కలిసి ఇలా అయిందని అన్నారు. ఐరన్ మాత్రలు రాశారు, నులిపురుగుల మాత్ర ఇచ్చారు, నెల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

మూడు రోజుల లెక్క కూడా అయింది. పాపకి నాలుగు, నాలుగు, ఆదివారం చికెన్ వల్ల ఆరు. బాబుకి అయిదు, ఆరు, ఆరు. వాడు అన్నం తినడు కానీ గుడ్డు, అరటిపండు, పచ్చి క్యారెట్, శనగలు ఇష్టంగా తింటాడు! మా అత్తగారు ఆ కాగితం రెండుసార్లు చదివించుకున్నారు. ఇప్పుడు పొద్దున ఆకుకూర ఏరేది ఆవిడే.

పాపని కూర్చోబెట్టి, ఇంటర్ బాబు చెప్పినట్టు క్లాస్ పీకకుండా, నీకేది తినగలనిపిస్తుందో నువ్వే చెప్పు అన్నాను. గోంగూర పప్పు, ఉడికించిన గుడ్డు, జామకాయ ఒప్పుకుంది. తోటకూర ఒప్పుకోలేదు. చిప్స్ వారానికి రెండుసార్లు తన ఇష్టం అంది, సరే అన్నాను. ఒక సందేహం: మాత్ర రాత్రి పాలతో ఇస్తున్నాను, తేలిగ్గా మింగుతుందని. ఫరవాలేదా?

హనుమకొండ_డైటీషియన్
పాలతో వద్దమ్మా, పాలల్లోని కాల్షియం ఇనుముకి అడ్డుపడుతుంది. భోజనమయ్యాక నిమ్మరసం నీళ్ళతో ఇవ్వండి. పాలకీ మాత్రకీ మధ్య రెండు గంటలు ఉండాలి. దొడ్డికి నల్లగా వెళ్తే భయపడొద్దు, మాత్ర వల్లే. నెలకి హిమోగ్లోబిన్ ఒక గ్రాము దాకా పెరిగితే మందు పనిచేస్తున్నట్టు. పెరగకపోతే మాత్రలు నిజంగా మింగుతోందా అని చూసుకుని, డాక్టర్ని ఇంకేమైనా పరీక్షలు కావాలా అని అడగండి. అంకె 12 దాటగానే ఆపేయకండి. ఒంట్లో నిల్వ కూడా నిండాలి కాబట్టి డాక్టర్ చెప్పినన్ని నెలలు పూర్తిగా వాడాలి. నెలసరి ఎన్ని రోజులు, ఎంత అవుతోందో పాపనే క్యాలెండర్లో గుర్తుపెట్టుకోమని చెప్పండి, తర్వాతి సారి డాక్టర్‌కి అది చూపించండి.